మూలకు పసుపు

ఆగస్టు 13, 1957
నారాయణపేట చేరాను. బస్సు దిగేసరికి నడుం విరిగింది. ఇక్కడి నర్సు సెలవులో ఉందని నన్ను నల్లగొండ నుంచి మూడు నెలల డెప్యుటేషన్ మీద వేశారు. దారిలో పాలమూరు పెద్ద దవాఖాన వాళ్ళు పన్నెండు రోజులు ఆపుకుని, ఇప్పుడు వదిలారు. నల్లగొండలో నా వార్డు ఎవరి పాలైందో...

ఆగస్టు 14
మందుల గదిలో ఎలుకలు. డాక్టరుగారు మంచివారే. మాట తక్కువ.

సెప్టెంబరు 3
నేతగాళ్ళ వాడలో బాలప్ప ఇంటికి వెళ్ళాను. నూలుకు రంగు అద్దుతున్నాడు — మోచేతుల దాకా పసుపుపచ్చ. దండం పెట్టబోయి, చేతులు చూసుకుని ఆగిపోయాడు. భార్య ఈరమ్మకు ఏడో నెల. ఇంతకు ముందు ఇద్దరు బిడ్డలు ఇంట్లో పురిట్లోనే పోయారట. రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతోంది. పాదాలు వాచి ఉన్నాయి. వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోయింది. నాకు నచ్చలేదు.

సెప్టెంబరు 20
ఈరమ్మను దవాఖానకు రప్పించాను. మూత్రం కాచి చూస్తే తెల్లగా విరిగింది. ఉప్పు మానాలి, కాన్పు ఇంట్లో వద్దే వద్దన్నారు డాక్టరుగారు. ఆమె నా వైపే చూస్తోంది.
"నువ్వుంటెనే వస్త సిస్టరమ్మా. నువ్వు లేకుంటె ఇంట్లనే కంట."
ఉంటానన్నాను. కాన్పు నవంబరు ఎనిమిదికి అటూ ఇటూ, నేను పదమూడు దాకా ఇక్కడే... వేళ్ళ మీద లెక్కపెట్టి మరీ చెప్పాను.

అక్టోబరు 9
వాపు కొంచెం తగ్గింది. ఇంటిల్లిపాదీ ఉప్పులేని కూరే తింటున్నారట. "మా ఆయన మొకం జూడాలె" అని నవ్వింది. ఆమె నవ్వగా చూడడం ఇదే మొదలు.

అక్టోబరు 26
ఆర్డరు వచ్చింది. 31న విడుదల. మూడు నెలలు నేనిక్కడ చేరిన రోజు నుంచి కాదు, నల్లగొండ వదిలిన రోజు నుంచి. పాలమూరులో ఊరికే గడిచిన పన్నెండు రోజులూ అందులోనే పోయాయి. మొదటి కాగితంలోనే ఉంది. పదేళ్ళ సర్వీసు, తేదీ చూసుకోవడం రాలేదు నాకు.

అక్టోబరు 28
ఇంకో పదిహేను రోజులు ఉంచమని డాక్టరుగారు తంతి కొట్టించారు. నేను అడక్కముందే.

అక్టోబరు 30
వీల్లేదట.

అక్టోబరు 31
చెప్పాను. ఈరమ్మ రాట్నం ఆపలేదు.
"పో అమ్మా. నీ కొలువు నీది."
తిట్టినా బాగుండేది. డాక్టరుగారు ఉన్నారు, పాత నర్సు వారంలో వచ్చేస్తుంది, తప్పకుండా దవాఖానకు వెళ్ళు అని బతిమాలాను. తీసుకుపోతానని బాలప్ప అన్నాడు. ఆమె ఇంకో కండె ఎక్కించుకుంది.
ఇద్దరికీ రాయడం రాదు. ఒక కార్డు మీద నా చిరునామా రాసిచ్చాను. తల్లీ బిడ్డా క్షేమమైతే నాలుగు మూలలా పసుపు రాసి పోస్టులో వెయ్యమన్నాను. కాకపోతే ఉత్తదే వెయ్యమన్నాను.
బస్సులో ఏడ్చాను. మాట తప్పాను, అంతే. తప్పు ఆర్డరు మీదికి ఎంత నెట్టినా పోవడం లేదు.

నవంబరు 8
నల్లగొండ. నా వార్డే, నా మంచాలే. ఇవాళ ఇద్దరు ప్రసవించారు. ఒక్కరి పేరూ గుర్తులేదు.

నవంబరు 15
పోస్టు లేదు.

నవంబరు 19
కార్డు వచ్చింది. చిరునామా నా చేతిరాతే. వెనక ఏమీ లేదు. మూడు మూలలు తెల్లగా ఉన్నాయి. నాలుగో మూలన పసుపుపచ్చగా మరక — బొటనవేలంత.
ఈరమ్మ రాసిన పసుపా? బాలప్ప చేతి రంగా?
వాసన చూశాను. పోస్టు సంచి వాసన తప్ప ఇంకేమీ లేదు.
"గంత సేపు జూస్తున్నవు, ఏం రాసిండ్రు సిస్టర్?" అని ఆయా అడిగింది. ఏమీ రాయలేదన్నాను. ఆమె తమలపాకుల సంచిలోంచి సున్నం డబ్బీ అడిగి తీసుకున్నాను. రవ్వంత సున్నం తగిలిస్తే చాలు. పసుపైతే ఎర్రబడుతుంది, రంగైతే అలాగే ఉంటుంది.
డ్యూటీ గంట కొట్టారు. డబ్బీ ఎదురుగానే ఉంది. మూత ఇంకా తీయలేదు.