మీ బావగారి మైకు

పాస్టరుగారూ అని రాయాలి గానీ, నాకు తమ్ముడివే కదా!

ఎదురుగా చెబితే బైబిలు వాక్యం మొదలుపెడతావని కాగితం మీద పెడుతున్నాను. చర్చి గుమ్మం మీద "అందరికీ స్వాగతం" అని నాలుగు భాషల్లో బోర్డు పెట్టించావు. చూడముచ్చటగా ఉంది. వేరే భాషలవాళ్ళు వచ్చారు కూడా. కానీ వాళ్ళ చేత కుర్చీలు వేయించడమే తప్ప, ప్రార్థన మైకు మీ బావగారి చేతిలోంచి కదలదు. ఆయన పట్టుకున్నారంటే అందరి టీ చల్లారాల్సిందే.

మొన్న కుర్చీలు సర్దుతున్న బట్టలు కుట్టే ఆవిడతో, "నువ్వూ ఒకసారి ప్రార్థన చెయ్యమ్మా" అన్నాను. "నా భాషలో చేస్తే మీకేం తెలుస్తుందండీ?" అంది, వచ్చీరాని మన మాటల్లో, నవ్వుతూనే. ఆవిడతో వచ్చే ఇద్దరూ ఇప్పటికే మానేశారు, గమనించావా?

ఈ ఆదివారం మీ బావగారికి గొంతు నొప్పి. ఆ సంగతి ఆయనకింకా తెలియదు, శనివారం నేనే చెబుతాను. మైకు ఆవిడకివ్వు. అర్థం కాలేదని ఎవరైనా, ముఖ్యంగా నువ్వు, మొహం చిట్లిస్తే ఒక్కటి గుర్తుచేసుకో. ఏడాదిగా మన ప్రార్థనలకు వాళ్ళు సగం అర్థం కాకుండానే ఆమెన్ అంటున్నారు.

ఈసారి మన వంతు.

మీ అక్క