వదిలెయ్యమంటావా పిన్నీ?

ప్రియమైన పిన్నికి,

నమస్కారాలు. ఫోన్లో నా మాట నీకు వినపడదు, నీ మాట వీధంతా వినపడుతుంది. అందుకే ఈ ఉత్తరం. ఇంగ్లీషు ముక్కలు దొర్లితే ఎర్ర సిరాతో దిద్ది తిప్పి పంపే తెలుగు పంతులమ్మవి కాబట్టి వీలైనంత వరకు తెలుగే రాస్తున్నాను.

పన్నెండేళ్లుగా ఈ చెవి మిషన్ల షాపులోనే కదా నా బతుకు. గొట్టంలో కాస్త గులిమి అడ్డం పడితే చాలు, పెద్దవాళ్లు మిషను చెడిపోయిందని సొరుగులో పడేస్తారు. పది నిమిషాల పని. ఇళ్లకే వెళ్లి బాగుచేసే సొంత కంపెనీ పెడదామని ఉంది. పేపర్లలో అంకుర సంస్థ అంటున్నారే, అలాంటిది.

మా యజమానికి మాత్రం పాతవంటే గిట్టదు, కొత్తవాటి మీదే మోజు. ఊరవతల రెండోది కూడా పెట్టారు. వారంలో మూడు రోజులు అక్కడే. ఇక్కడి భారమంతా నాదే. అయినా ఇన్నేళ్లు నమ్ముకున్న మనిషిని కాదని వెళ్లాలంటే కాళ్లు రావడం లేదు. వదిలెయ్యమంటావా?

నీ అక్క కూతురు

తా.క.: ఆయనకి ఇంకా తెలియదు. తెలిస్తే ఆ పూటే బయటికి పంపేస్తారు.

* * *

చి. అమ్మాయికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి కళ్లద్దాలు తుడుచుకుని చదివాను. నోట్లో వేలు పెడితే కొరకలేనట్టు ఉంటాడే, రెండోది కూడా పెట్టాడా?

వదిలెయ్. పన్నెండేళ్ల చాకిరీకి విలువ లేని చోట పదమూడో ఏడు దేనికి? కంపెనీ కూడా పెట్టు. చేతిలో విద్య ఉన్నదానివి, ఒకరి మోచేతి నీళ్లు తాగే ఖర్మ నీకేమిటి?

ఇట్లు,
నీ మంచి కోరే పిన్ని

తా.క.: వచ్చేటప్పుడు నీ గిన్నెలు ఒక్కటి కూడా వదలకు.

మరో తా.క.: నువ్విచ్చిన చెవి మిషను డబ్బాలో భద్రంగా ఉంది. పెట్టుకుంటే పక్కింటావిడ కబుర్లన్నీ వినపడుతున్నాయి.

* * *

పిన్నికి నమస్కారాలు.

ఆయన్ని ఎప్పుడు చూశావో గానీ బాగా పోల్చావు. నీ మాటతో ధైర్యం వచ్చి సోమవారం చెప్పేశాను. బతిమాలతారనుకున్నాను. నెల రోజులుండి, కొత్తామెకి అన్నీ నేర్పి వెళ్లమన్నారు. అంతే.

కొత్తామె మర్నాడే వచ్చేసింది. నా కుర్చీలోనే కూర్చుంటోంది. మంచి పిల్లే పాపం, నన్ను అక్కా అంటోంది. ఆయనకి కోపం ఎప్పుడొస్తుందో, టీలో చక్కెర ఎంత వెయ్యాలో దగ్గరుండి నేర్పుతున్నాను. ఇంట్లో మాత్రం ఇంకా ఎవరికీ చెప్పలేదు. నోరు రావడం లేదు.

నీ అక్క కూతురు

తా.క.: గిన్నెల సంగతి అర్థం కాలేదు. నా టిఫిను డబ్బా మాత్రం తెచ్చేసుకున్నాను.

* * *

అమ్మాయీ,

ఆశీస్సులు తర్వాత. సవతికి దగ్గరుండి టీ పెట్టడం నేర్పే ఆడదాన్ని నా బతుకులో నిన్నే చూశాను.

అల్లుడికి నేనే రాశాను. ఇంటికి పంపితే జాలిపడి చింపేస్తావని అతను పనిచేసే బస్సు డిపోకే పంపాను. కవరు దొరక్క నాలుగు కార్డుల మీద రాసి, వరస తప్పకుండా అంకెలు వేశాను. ఎవరైనా చదివితే చదవనీ.

నీకో గది ఖాళీ చేశాను. ఆదివారానికల్లా వచ్చెయ్.

ఇట్లు,
పిన్ని

తా.క.: లాయరమ్మతో మాట్లాడాను. ఏమందో సరిగ్గా వినపడలేదు గానీ చాలాసేపు మాట్లాడింది.

* * *

పిన్నికి శతకోటి దండాలు.

యజమాని అంటే మొగుడు కాదు పిన్నీ, షాపు ఓనరు. ఓనరని రాస్తే దిద్దుతావని తెలుగులో రాశాను. రెండోది అంటే రెండో షాపు. కొత్తామె నా ఉద్యోగంలో చేరిన పిల్ల. నీ అల్లుడు ఏ పాపమూ ఎరగడు.

అనే నేనూ అనుకున్నాను.

నీ కార్డులు కండక్టర్లందరూ చదివాకే ఆయన చేతికొచ్చాయి. రెండు రోజులు టీ దగ్గర ఆయన పక్కన ఎవరూ నిలబడలేదట. నిన్న సాయంత్రం ఇంటికొచ్చి గుమ్మంలోనే కూలబడ్డారు. "మీ పిన్నికి ఎలా తెలిసిందో గానీ, అంతా నిజమే," అన్నారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

విషయం ఏమిటంటే, ఆయన కూడా డ్రైవరు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశారు. నడవలేని పెద్దవాళ్లని ఆస్పత్రులకి తీసుకెళ్లే సొంత కంపెనీ పెడుతున్నారట. పాత వ్యాను ఒకటి కొని డిపో వెనక దాచారు. "రెండోదాన్ని ఎక్కడ దాచావో నాకు తెలుసు" అని నువ్వు రాస్తే, వ్యాను సంగతే అనుకున్నారు. ఇంత తెగువ ఎక్కడిదని అడిగాను.

"నీ జీతం ఉంది కదా," అన్నారు.

నేను ఆయన జీతం చూసుకునే కదా దిగాను. ఆ మాట చెప్పాక ఇద్దరం నెల ఖర్చులు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాం. ముందు ఆయనకే నవ్వొచ్చింది. పొద్దున్నే వ్యాను చూపించారు. ఒక పక్క తలుపు సరిగ్గా పడదు. డ్రైవరు సీటు వెనక నా పనిబల్ల పడుతుందో లేదో చేతులతో కొలిచి చూశాను. పడుతుంది. ఇళ్లకి వెళ్లడానికి నాకు బండి లేదు, ఎక్కించుకోవడానికి ఆయనకి మనుషులు లేరు. ఇద్దరికీ ఒకటే కంపెనీ చాలు పిన్నీ. భయంగానే ఉంది, కానీ రాజీనామా మాత్రం వెనక్కి తీసుకోను.

నీ అక్క కూతురు

తా.క.: నీ మూడో కార్డుని ఒక కండక్టరు ఇంటికి పట్టుకెళ్లాడట. అది చదివి వాళ్లావిడ కూడా వదిలేద్దామా అని ఆలోచిస్తోంది, నీ సలహా కావాలంటోంది. ఏం వదులుదామనుకుంటోందో కనుక్కున్నాకే జవాబు రాయి.