ఏ ట్యాంకు ఉంచుకోవాలి

ఏమండీ, బస్సుకి టైమైంది, ఆఫీసుకి వెళ్తున్నాను. మీకు కనపడాలని పెద్ద అక్షరాలతో రాశాను. కుక్కర్లో పప్పన్నం ఉంది, తినండి. టేబుల్ మీద రెండు యుద్ధ ట్యాంకు బొమ్మల కిట్లున్నాయి. ఒకటే ఉంచుకోండి, రెండోది సాయంత్రం అబిడ్స్ షాపులో తిరిగిచ్చేస్తాను.

చిన్న డబ్బా మీరు ఏళ్లుగా అడుగుతున్నదే. అందులో నాలుగొందల ముక్కలున్నాయి, కట్టడానికి ఆరు నెలలు పడుతుంది. నిన్న మీరు మందులకి వెళ్లినప్పుడు డాక్టరుగారు నాతో చెప్పారు, రెండో కన్ను కూడా దసరా దాటి పనిచెయ్యదట. మీ ముఖం చూసి చెప్పలేకపోయాను. షాపులోనూ ఏదీ తేల్చుకోలేక రెండూ తెచ్చాను.

పెద్ద డబ్బాలోని, పెద్ద ముక్కలున్న కిట్టే ఉంచుకోండి. నా మీద కోప్పడకండి.

జయంతి

తా.క. రంగులు ముందే వేసెయ్యండి. ముక్కలు తర్వాత తడుముకుంటూ అయినా అతికించుకోవచ్చు.