మామిడి టెంకలు పారేసిన ఏడు

అరకు
1925 నవంబరు 22, ఆదివారం

చిరంజీవి తమ్ముడు మల్లేశుకు పెద్దక్క దీవించి రాయునది. ప్రభువు కాపుదల వల్ల గంగ, కనక, నేను బాగున్నాం. ఇదివరకు ఈ చోట నాలుగు పేర్లు రాసేదాన్ని. చేయి అలవాటు కొద్దీ నాలుగో పేరు దగ్గర ఆగింది.

నీ ఉత్తరం సంత నుంచి పైడయ్య తెచ్చి ఇచ్చాడు. తేయాకు తోటలో జలగల బాధ కాస్త తగ్గిందన్నావు, సంతోషం. కాళ్ళకు పొగాకు నీళ్ళు రాసుకోవడం మానకు. ఎర్రావు ఈనింది, పెయ్యదూడ. నీ కూతురు కనకకు ముందుపళ్ళు రెండు ఊడాయి. నవ్వు వస్తే నోటికి చేయి అడ్డం పెట్టుకుంటోంది. నీ భార్య గంగకు నీ మీద కోపంగా ఉంది. “మీ తమ్ముడు ఆవునడిగేడు, గుంటపిల్లనడిగేడు, నన్నడగనేదేటి వదినా?” అంటోంది. ఈసారి దాని పేరు ముందు రాయి.

అమ్మకు వచ్చింది ఏం జ్వరం, ఎన్నాళ్ళు పడుకుంది, మందు పడిందా అని అడిగావు. చెబుతాను. దానికి ముందు చెప్పవలసింది ఒకటుంది.

ఈ ఏడు మామిడికాయ ముదిరే వేళకు మైదానం నుంచి ఒక బోధకుడు వచ్చాడు. మన పాస్టరుగారు పంపినవాడు కాడు. గుడ్డ మీద జంతువుల బొమ్మలూ లెక్కలూ వేయించి తెచ్చి, మన ప్రార్థన పాకలో కట్టాడు. జూన్ నెల ఆఖరి ఆదివారం ప్రభువు రాకడ, లోకానికి అదే చివరి రోజు అన్నాడు. అమ్మ మన మతంలోకి రాలేదు కదా, బొమ్మలు చూడడానికని వచ్చి గుమ్మంలో కూర్చుంది.

“ఏడు తలకాయలా! దీనికి గడ్డెవుడు కోత్తాడు బాబూ?” అంది. అందరూ నవ్వారు. అతను నవ్వలేదు.

వానలకని దాచుకునేవాడికి విశ్వాసం లేనట్టే అన్నాడు. ఆ మాటతో పాకలో నవ్వు ఆగింది. వానల్లో గింజలు అయిపోయాక మన కొండల్లో ప్రాణం నిలిపేది టెంకపిండి అంబలే కదా. ఆ టెంకలు అప్పుడే ఎండబెట్టుకోవాలి. ఊరిపెద్ద కనుక పైడయ్య లేచి నన్ను అడిగాడు.

“రత్నాలమ్మా, సదువుకున్నదానివి. నువ్వు సెప్పు. నిజిమేనా?”

ఆ రోజు ఎప్పుడో మనిషికి తెలియదని ప్రభువే చెప్పిన సంగతి నాకు తెలుసు. పిల్లలకు అది నేర్పేదాన్నే నేను. అయినా తల వంచుకుని ఊరుకున్నాను. నా మౌనాన్ని అందరూ అవునని తీసుకున్నారు.

ఈసారి ఊరంతా పళ్ళు తిని టెంకలు గెడ్డ వాగులోకి విసిరారు. అమ్మ ఒక్కతే మన పెరట్లో రాలినవి ఏరి ఎండబెట్టింది. బోధకుడు చూసి మందలించాడు. “ఆయనొచ్చీదాకా తినాల కదా బాబూ. ఒచ్చినాక ఆయనకీ ఓ డొప్పెడు పోత్తాను” అంది.

ఆ ఆదివారం తెల్లబట్టలు కట్టుకుని అందరం కొండెక్కాం. పొద్దుగూకే దాకా పాడాం. వాన వచ్చింది. ముద్దగా తడిసి దిగాం. బోధకుడు మరునాడే వెళ్ళిపోయాడు. అమ్మ నాకు పొడిగుడ్డ ఇచ్చి, “ఏటే, రానేదా మీ ఆయన? వాన్లో దారి తప్పీసుంటాడు, పాపం” అంది. తరవాత గంప పట్టుకుని గెడ్డ ఒడ్డుకు వెళ్ళింది. ఊరు పారేసిన టెంకలు బురదలోంచి ఏరుకొచ్చింది.

భాద్రపదానికి ఏ ఇంట్లోనూ గింజ లేదు. అమ్మ ఎండలో ఆరబెట్టిన మంచి పిండి కనకకూ, ఊళ్ళో పాలు మరిచిన పిల్లలకూ పోసింది. మాకూ తలా కాస్త. తను ఏం తాగుతోందని అడిగాను. “మీరు తాగిందే” అంది. తాగింది వేరే కుండలోది. గెడ్డ ఒడ్డున దొరికినవి ఎండలేక బూజు పట్టాయి. ఆ పిండితో కాచుకుంది.

తమ్ముడూ, అమ్మకు జ్వరం రాలేదు. రెండు రోజులు వాంతులయ్యాయి. మూడో పొద్దు లేవలేదు. జ్వరమని రాసింది నేను. టెంకల సంగతి రాస్తే, ఆ రోజు పాకలో నేను ఊరుకున్న సంగతీ రాయవలసి వస్తుందని అలా రాశాను.

ఎందుకు ఊరుకున్నావని అడుగుతావు. పెద్దజ్వరాల ఏట పోయిన నా సత్యకుమారి నీకు గుర్తుందిగా. రాకడ అయితే సమాధులు తెరుచుకుంటాయి. జూన్ నెలలో నా బిడ్డను చూస్తాననుకున్నాను. అబద్ధమని తెలిసినా, నిజం కావాలనిపించింది. దాని కోసం అమ్మను పోగొట్టాను.

చివరికైనా బాప్తిస్మం తీసుకుందా అని కూడా అడిగావు. లేదు. తీర్పు రోజున అమ్మ ఎటువైపు నిలబడుతుందో ఆ బోధకుడి గుడ్డ మీద ఉంది. నేను దాన్ని నమ్మడం మానేశాను. ఆయన కోసం డొప్పెడు అంబలి దాచాలనుకున్న మనిషిని ఆయన తోసేయడు.

పోయిన ఆదివారం పైడయ్య మళ్ళీ లేచాడు. “అయితే ఇంక రాడా రత్నాలమ్మా?” అన్నాడు. ఈసారి నిలబడి చెప్పాను. వస్తాడు, ఎప్పుడో నాకు తెలియదు, ఏ బోధకుడికీ తెలియదు, వచ్చే ఏడు టెంకలు పారేయకండి అన్నాను. టెంకల వల్ల అమ్మ ఎలా పోయిందో, ఆ రోజు నేనెందుకు మాట్లాడలేదో కూడా చెప్పాను. వెళ్ళేటప్పుడు పైడయ్య భార్య నూకరత్నం నా చేయి పట్టుకుంది.

ఇది చదివాక నీకు కోపం వస్తుంది. వస్తే కోపమే రాయి. ఇక అక్కవు కావంటే అదీ రాయి. ఊరుకోవద్దు. ఊరుకుంటే ఏమవుతుందో నాకు తెలుసు.

ఇట్లు,
జవాబు కోసం ప్రార్థనలో ఉన్న
నీ పెద్దక్క
రత్నాలు