విడిదికి ఇవ్వని గోనెసంచుల కొట్టు

రాజాం,
2-3-68.

విజయనగరం ప్లీడరు జగన్నాధం గారికి గోనెసంచుల కొట్టు అప్పలసూరి నమస్కరించి రాసుకునేది.

బాబూ, పదహారేళ్లుగా దేముడమ్మ గారి పెంకుటింట్లో కొట్టు నడుపుకుంటున్నాను. ఆనాడు తాంబూలం పుచ్చుకుని మాట అనుకున్నాం. కాగితం లేదు. నిన్న ఆవిడ వచ్చి, "ఒరే సూరీ, నా మనవరాలి పెళ్లి. మగపెళ్లోరికి ఇడిది పెట్టాల. నాలుగు రోజులు సంచులు తీసేసి తాళం నాకియ్యి" అంది. వాళ్లింట్లో ఏ పెళ్లయినా అలా ఇవ్వడం ఆనవాయితీయే. కానీ ఈసారి సున్నం కొట్టించి తలుపులు కూడా మార్పిస్తుందట. అందుకే భయం. ఈ కొట్టు పోతే నాకు వేరే బతుకు లేదు. ఇవ్వనా, మాననా?

ఇట్లు విధేయుడు,
అప్పలసూరి.

తా.క. అరడజను కొత్త సంచులు బస్సులో పంపాను. చిల్లులుంటే తిరిగి పంపండి.

విజయనగరం,
5-3-68.

అప్పలసూరికి జగన్నాధం ఆశీస్సులు.

నీ ఉత్తరం చూసి తల పట్టుకున్నాను. పదహారేళ్లు కాగితం లేకుండా ఎలా కూర్చున్నావయ్యా! తాళం ఆవిడ చేతికిచ్చావో, స్వాధీనం వదిలేసినట్టే. సున్నమూ, తలుపులూ, పెళ్లీ అన్నీ ఎత్తుగడలే. ఒక్క సంచి కూడా కదపకు. ఇక నోటిమాటలు కట్టిపెట్టు. ఎవరేమడిగినా రాసిమ్మను. నువ్వూ రాతలోనే జవాబియ్యి.

శ్రేయోభిలాషి,
జగన్నాధం.

తా.క. సంచుల్లో చిల్లుల్లేవు. మా ఆవిడ వాటిమీద అప్పడాలు ఆరబెట్టింది. ఇప్పుడు ప్రతి అప్పడానికీ గడ్డం ఉంది.

రాజాం,
8-3-68.

ప్లీడరు గారికి నమస్కారాలు.

మీరన్నట్టే రాసిమ్మన్నాను. ఆవిడ చెంబు విసిరింది. "ఏటిరా, నా కొట్టు నేనడగడానికి నీకు అర్జీ ఎట్టుకోవాలా? పెళ్లికొడుకు తండ్రి పెద్ద ప్లీడరు. ఇడిది లేదంటే బండి దిగడు!" అంది. బాబూ, వాళ్ల వెనక ప్లీడరున్నాడు! అన్నం సహించడం లేదు.

మీ అప్పలసూరి.

తా.క. ఆయనదీ మీ ఊరేనట. పేరు అడిగితే ఇంకో చెంబు తీసింది.

విజయనగరం,
11-3-68.

అప్పలసూరికి,

పేరెందుకు? ఇంకొకడి కొట్టు ఖాళీ చేయించి కొడుకు పెళ్లి చేసుకునే ప్లీడరంటే కేసుల్లేనివాడే. సిగ్గులేని మనిషి. ఈ కుట్రకు మూలం వాడే. పెళ్లినాడు లోపల గడియ పెట్టుకుని కూర్చో. వాడే వచ్చి బతిమాలినా తలుపు తియ్యకు.

జగన్నాధం.

తా.క. వాణ్ణి కాసేపు ఎండలో నిలబడనీ. చట్టం అదే తెలుస్తుంది. నేను పదిరోజులు ఊళ్లో ఉండను, మళ్లీ ఉత్తరం రాసి చంపకు.

నీ కొట్టు ముందు, నడివీధి,
14వ తేదీ, మిట్టమధ్యాహ్నం.

నాయనా అప్పలసూరీ,

అరిచి అరిచి గొంతు పోయింది. పలకవు గనక ఈ కాగితం తలుపు కింద నుంచి తోస్తున్నాను. ఆ సిగ్గులేని ప్లీడరును నేనే. సంబంధం మా బావమరిది కుదిర్చాడు. కోర్టు గొడవల్లో పడి నేను ఆడపెళ్లివారి ఊరూ పేరూ కూడా అడగలేదు. నలభైమందిమి ఎండలో నిలబడ్డాం. మా ఆవిడ చూస్తున్న చూపు నీకు కనబడితే ఈపాటికి తలుపు తీసేవాడివి. నా సలహాలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. తియ్యి బాబూ!

నీ జగన్నాధం.

తా.క. ఆ సలహాలు నావని దేముడమ్మ గారితో అనకు. నీకు పుణ్యముంటుంది.

తలుపు ఇవతల నుంచి,
అదే రోజు.

ప్లీడరు గారికి నమస్కారాలు.

చదివి సంచుల మీద కూలబడ్డాను బాబూ. వారం రోజులు అన్నం మానిపించి, చెంబు దెబ్బలు తినిపించి, ఇప్పుడు వెనక్కి తీసుకుంటారా? ఆవిడ మనవరాలు పద్మకుమారి నా కళ్లముందు పెరిగిన పిల్ల. మీరు లేకపోతే ఈ కొట్టు మామిడాకులతో సహా నేనే సిద్ధం చేసేవాణ్ణి.

మీ మాట మీద స్టాంపు కాగితం తెచ్చి ఉంచాను. కిటికీలోంచి ఇస్తున్నాను. కొట్టు ఐదేళ్లకు నాకే అద్దెకిచ్చినట్టు మీ చేత్తో రాసి, దేముడమ్మ గారి వేలిముద్ర వేయించండి. పెళ్లిళ్లకు నాలుగు రోజులు విడిదికి ఇస్తానని కూడా రాయండి. రిజిస్ట్రీకి పెళ్లయ్యాక వెళదాం. వేలిముద్ర పడిన మరుక్షణం గడియ తీస్తాను.

మీ అప్పలసూరి.

తా.క. సలహాలు మీవని ఆవిడతో అనను. ఐదేళ్లకు బదులు పదేళ్లని రాస్తే.