హెప్సిబాకు స్పెషల్ ఏర్పాట్లు

ఆత్మకూరు

నీలికెరటం ఓడ కంపెనీ (చెన్నై) అతిథుల మేనేజరు పెంచలప్రసాద్ గారికి, టీచరు రెబెకమ్మ నమస్కారాలు.

ఫోన్ చేస్తే ‘ఏదున్నా రాసి పంపండి’ అన్నారు కాబట్టి రాస్తున్నాను. దసరా సెలవులకు మీ ఓడలో విశాఖ దాకా టికెట్లు తీసుకున్నాం. నేను, మా ఆయన డేవిడ్‌రాజు, ఉదయగిరి నుంచి మా అత్త శీనమ్మ, మా పాప హెప్సిబా. పాపకు తొమ్మిదేళ్లు. ఆటిజం ఉంది. అది జబ్బు కాదు. తను మాట్లాడేది తక్కువ, చెవులకు వినిపించేది ఎక్కువ. నీళ్లంటే ప్రాణం. సోమశిల డ్యాం గేట్లు ఎత్తితే పొద్దుగూకేదాకా చూస్తూ నిలబడుతుంది. చుట్టాలు మమ్మల్ని పెళ్లిళ్లకు పిలవడం ఎప్పుడో మానేశారు. ‘పాపకు ఇబ్బందేమోనని’ అంటారు. అందుకే ఈ ప్రయాణం మీద మాకింత ఆశ.

మేం అడిగేది కొంచెమే. స్పీకర్లకు దూరంగా గది ఇవ్వండి. గుంపు రాకముందే పాపకు అన్నం పెట్టండి. పెరుగన్నంలో తాలింపు వద్దు.

ఇట్లు,
రెబెకమ్మ

తా.క.: ఓడ మధ్యలో టీకి ఎక్కడ ఆపుతారో కనుక్కోమంది మా అత్త.

*

చెన్నై

మా ఓడకు వన్నె తేబోతున్న రెబెకమ్మ గారికి,

మీ ఉత్తరం చదివి మా సిబ్బంది కళ్లు చెమర్చాయి. స్పెషల్ పాపకు స్పెషల్ ఏర్పాట్లు చేయకపోతే ఇక మేమెందుకు? ఓడ ఎక్కేటప్పుడు బ్యాండుమేళం, మైకులో పాప పేరు, బుడగలు, జోకరు. భోజనం హాలు నట్టనడుమ వేదిక మీద, అందరికీ కనిపించేలా. వీల్‌చైర్ కూడా సిద్ధం.

మీ సేవలో పులకించే,
పెంచలప్రసాద్

తా.క.: ఓడ టీకి ఆగదు. సముద్రంలో హోటళ్లు లేవు.

*

ఆత్మకూరు

పెంచలప్రసాద్ గారికి రెబెకమ్మ కంగారుగా రాయునది.

అయ్యా, వీల్‌చైర్ ఎందుకు? మా పాప పరిగెత్తితే మా ఆయన అందుకోలేడు. పోయిన నెల మా వీధిలో బ్యాండు మోగితే కేకలు పెట్టి బీరువాలో దూరింది. మీరు ఓడ గుమ్మంలోనే మోగిస్తే నేను బీరువా ఎక్కడ వెతకను? మాకు స్పెషల్ అంటే ఎక్కువ కాదు సార్, తక్కువ. తక్కువ చప్పుడు, తక్కువ వెలుతురు, తక్కువ మంది. దయచేసి జోకరును ఇంటికి పంపేయండి.

ఇట్లు,
రెబెకమ్మ

తా.క.: వీల్‌చైర్ మాత్రం ఉంచమంది మా అత్త. ‘మోకాళ్లు బాగానే ఉండాయి గానీ, ఊరికే ఇస్తుంటే వొద్దనేది ఎందుకు’ అంట.

*

చెన్నై

రెబెకమ్మ గారికి,

మీ ఆందోళన పూర్తిగా అర్థమైంది. పాప కేకలు పెడుతుందని మీరే ఒప్పుకున్నారు. తోటి ప్రయాణికుల ప్రశాంతత మాకు ముఖ్యం. కాబట్టి పాప ఎలాంటి చప్పుడూ చేయదని మీరు హామీ రాసి ఇవ్వాలి. డెక్ మీద అర్ధరాత్రి దాకా డీజే యథాప్రకారం ఉంటుంది. మీరు కోరినట్టే జనానికి దూరంగా గది ఇచ్చాం. దానిపైన డీజే వేదిక తప్ప ఏమీ లేదు.

మీ ప్రశాంతతే పరమావధిగా,
పెంచలప్రసాద్

తా.క.: పెరుగన్నాన్ని మా వంటమాస్టరు సవాలుగా తీసుకున్నాడు. ఒక తాలింపు వద్దన్నారని రెండు పెడుతున్నాడు.

*

ఆత్మకూరు

పెంచలప్రసాద్ గారికి,

హామీ జత చేశాను. డీజే కూడా అలాంటిదొకటి రాసిస్తే బాగుండేది. టికెట్లు వెనక్కి ఇచ్చేద్దామన్నాడు మా ఆయన. కానీ హెప్సీ మీ ఓడ బొమ్మను దిండు కింద పెట్టుకుని పడుకుంటోంది. అందుకని వస్తున్నాం.

రెబెకమ్మ

తా.క.: రెండు తాలింపుల మనిషిని ఒకసారి చూడాలంది మా అత్త. ఏ ఉద్దేశంతో అన్నదో నాకు తెలియదు.

*

చెన్నై

శ్రీమతి రెబెకమ్మకు,

ప్రయాణం మొదటి సాయంత్రమే డీజే వైరు పీకి మాయం చేయడం వల్ల ఆ రోజు పాట మళ్లీ మొదలు కాలేదు. ఇది ఎవరి పనో విచారణ లేకుండానే తేలిపోయింది. ఓడ మొత్తం మీద స్పెషల్ పాప ఒక్కతే కదా! హామీ తప్పినందుకు కుమారి హెప్సిబాను మా ఓడల నుంచి శాశ్వతంగా నిషేధించడమైనది.

విచారంతో,
పెంచలప్రసాద్

తా.క.: ఆ సాయంత్రం ఎంతో హాయిగా గడిచిందని చాలామంది ప్రయాణికులు మాకు రాశారు. దానికీ దీనికీ సంబంధం లేదు.

*

ఆత్మకూరు

పెంచలప్రసాద్ గారికి రెబెకమ్మ తీరిగ్గా కూర్చుని రాయునది.

ఆ సాయంత్రం హెప్సీ డెక్ చివర కమ్మీ పట్టుకుని, ఓడ వెనక విడిపోయే నీళ్లను చూస్తోంది. డీజే మొదలైంది. పాప చెవులు మూసుకుని కింద కూర్చుండిపోయింది. అరవలేదు. పక్కనున్న ఒకామె ‘ఇట్లాంటి బిడ్డను గదిలో పెట్టుకోవచ్చు గదా’ అంది. మా గది డీజే కిందే ఉందని ఆమెకేం తెలుసు? నాకు ఏడుపొచ్చింది. మా ఆయన పాపను ఎత్తుకోబోయాడు.

అంతలో మీ వీల్‌చైర్‌లో ఉన్న మా అత్త లేచి, నడుచుకుంటూ డీజే దగ్గరికి వెళ్లింది.

“ఒరే నాయనా, రవ్వంత తగ్గించరా. బిడ్డ చెవులు మూసుకోనుండాది.”

“హ్యాండ్సప్ అవ్వా!” అని వాడు ఇంకా పెంచినాడు.

వైరు పీకింది మా పాప కాదు సార్, మా అత్త. పీకి, కొంగులో చుట్టుకుని, మళ్లీ వీల్‌చైర్‌లో కూర్చుని తల వాల్చేసింది. ఓడంతా వెతికిన మీ సిబ్బంది, పాపం పెద్దామె అని కాళ్ల మీద దుప్పటి కూడా కప్పారు.

జనం కాసేపు గోల చేసి, ఒక్కొక్కరే కమ్మీ దగ్గరికి వచ్చారు. అందాకా సముద్రానికి చప్పుడుందని ఎవరికీ తెలిసినట్టు లేదు. ఇందాక మాట అన్నామె కూడా వచ్చి నిలబడింది. హెప్సీ చెవుల మీది చేతులు తీసి, ఆమె చెయ్యి పట్టుకుని లాగి, “నీళ్లు” అని చూపించింది. ఆమె చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

కాబట్టి నిషేధంలో పేరు సరిచేయగలరు. ఆటిజం ఉన్నది మా పాపకు. మా అత్తకు ఏమీ లేదు. ఆమె తీరే అంత.

ఇట్లు,
రెబెకమ్మ

తా.క.: ఇది చదివి వినిపిస్తే మా అత్త తెగ సంతోషించింది. ‘నన్ను రావొద్దంటే బిడ్డను రమ్మన్నట్టే గదా! మళ్లీ టికెట్లు తియ్యి. ఈసారి నా బదులు మీ అమ్మను తోడు తీసకపో. ఆమెకు నాకంటే కోపం జాస్తి’ అంది.