నాలుగో వేలు లేని వాల్ట్స్

లైప్‌జిగ్,
జనవరి రెండో వారం

హార్ట్‌విగ్ గారికి,

మీ జవాబు చదివి కోపంతో పియానో మూత ధడాలున మూసేశాను. ఇప్పుడు కాస్త చల్లబడి రాస్తున్నాను.

స్వరకర్త పోయి డెబ్బై ఏళ్లు నిండడంతో అమ్మ వాయించే ఆ వాల్ట్స్ నాట్యపు బాణీ హక్కులు తీరిపోయి ఈ కొత్త సంవత్సరం నుంచి అందరిదీ అయింది. మీ ఉచిత స్వరపత్రాల సైట్‌లో పెట్టగానే దింపుకున్నాను. మీరు స్కాన్ చేసింది మా అమ్మ గ్రంథాలయానికి ఇచ్చేసిన ప్రతే. అట్ట మీది కాఫీ మరకని బట్టి పోల్చుకున్నాను. లోపలి పేజీలు మాత్రం ఉతికి ఆరేసినట్టున్నాయి. ఏ స్వరానికి ఏ వేలో అమ్మ పెన్సిల్‌తో వేసుకున్న అంకెలు ఒక్కటీ లేవు.

"పెన్సిల్ రాతలకూ హక్కులుంటాయండీ. రాసినావిడ పోయి కూడా డెబ్బై ఏళ్లు కావాలి, అందుకే తుడిచేశాం" అని, అవేమయ్యాయని నేనడిగితే రాశారు మీరు.

అమ్మ స్వరపత్రాలు అచ్చువేసే చోట పనిచేసేది. అక్కడి యంత్రంలో పడి ఎడమచేతి ఉంగరపు వేలు పోయింది. ఆ వేలు లేకుండా వాయించే దారి తనే వెతుక్కుని ఆ అంకెలు వేసుకుంది. ఒక స్వరం నుంచి దూరపు స్వరానికి దూకాల్సిన పెద్ద గంతు దగ్గర ఆవిడ చెయ్యి ఒక్క క్షణం ఆగేది. "కంగారేముందే, పాటెక్కడికీ పోదులే" అనేది. నాకు ఐదు వేళ్లూ ఉన్నాయి. ఎన్నిసార్లు వాయించినా ఆ ఆగడం మాత్రం రావడం లేదు.

గ్రంథాలయం వాళ్లు ఆ పాత ప్రతిని పారేశారట. తుడవకముందటి స్కాన్ మీ దగ్గర ఉండే ఉంటుంది.

ఇంకో డెబ్బై ఏళ్లు ఆగే వయసు కాదు నాది. అమ్మకు వారసురాలిని నేనొక్కదాన్నే కనుక అనుమతి ఇస్తున్నాను. ఆవిడ అంకెల్ని కూడా అందరికీ ఇచ్చేయండి.

కాకపోతే, ముందు నాకు.

ఇట్లు
ఆవిడ కూతురు